ఇంట్లో రెండు రౌటర్లు, బయటి నుంచి తెరుచుకోని సర్వర్: తప్పు ఏ అంచెలో ఉందో పట్టుకోవడం ఎలా

విశాఖలో చాలా ఇళ్లలో ఏర్పాటు ఇలాగే ఉంటుంది. ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు హాల్లో టీవీ పక్కన ఒక పెట్టె బిగించి వెళ్తారు. దాని వైఫై మేడ మీది గదికి అందదు. అందుకని ద్వారకానగర్‌లో ఇంకో రౌటర్ కొని పైన పెట్టుకుంటాం. దానికి పాత డెస్క్‌టాపో, రాస్ప్‌బెర్రీ పై అనే చిట్టి కంప్యూటరో, ఫైళ్లు దాచే నాస్ పెట్టో తగిలించి ఫొటోలు, వీడియోలు, ఇంటి కాగితాల స్కాన్లు అందులో పెట్టుకుంటాం. ఇదే మన సర్వర్. ఇంట్లో ఉన్నంతసేపూ బ్రహ్మాండంగా నడుస్తుంది. గాజువాక ఆఫీసు నుంచో, హైదరాబాద్ నుంచో తెరవబోతే మాత్రం తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది.

అలాంటప్పుడు చాలామంది రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి కనిపించిన ఆప్షనల్లా మారుస్తారు. రాత్రి పన్నెండయ్యేసరికి ఏది మార్చారో వాళ్లకే గుర్తుండదు, పైగా అక్కర్లేని పోర్టులు (సేవలకి దారితీసే నంబరు తలుపులు) నాలుగు తెరిచి ఉంటాయి. దయచేసి అలా చేయకండి. సర్వర్ దగ్గర మొదలుపెట్టి బయటికి రండి. ఒక అంచె సరిగ్గా పనిచేస్తోందని కళ్లతో చూశాకే తర్వాతి అంచెకి వెళ్లండి. ఈ ఒక్క క్రమం పాటిస్తే తప్పు ఎక్కడుందో దానంతట అదే బయటపడుతుంది.

ముందు అడ్రసులు రాసుకోండి

ఫైబర్ వాళ్లు బిగించినదాన్ని బయటి పెట్టె అందాం. దాని అసలు పేరు ఓఎన్‌టీ, ఇళ్లలో అందరూ మోడెం అంటారు. మీరు కొన్నది లోపలి రౌటర్. రెండూ రౌటర్లే. రెండూ తమ వెనకున్న పరికరాలకు సొంతంగా ఐపీ అడ్రసులు పంచుతాయి, బయటి నుంచి పిలవకుండా వచ్చిన ప్యాకెట్‌ని (డేటా మూటని) రెండూ ఆపేస్తాయి. వెనక ఎన్ని పరికరాలున్నా బయటికి ఒకే అడ్రస్‌తో పంపడాన్ని నాట్ అంటారు. ఇక్కడ అది రెండుసార్లు జరుగుతుంది కాబట్టి డబుల్ నాట్.

సీతమ్మధారలో ఒక ఇల్లు ఉందనుకుందాం. బయటి పెట్టె అడ్రస్ 192.168.1.1. అది లోపలి రౌటర్‌కి 192.168.1.50 ఇచ్చింది. లోపలి రౌటర్ తన వైపు 192.168.77.1 పెట్టుకుని, సర్వర్‌కి 192.168.77.20 ఇచ్చింది. మీ ఇంటి లెక్కలు కూడా ఇలాగే రాసుకోండి. లోపలి రౌటర్‌లో లాగిన్ అయితే స్టేటస్ పేజీలో వాన్ ఐపీ అని, అంటే దాని బయటి వైపు అడ్రస్, ఉంటుంది. అది 192.168తో గానీ, 10తో గానీ, 172.16 నుంచి 172.31 లోపు గానీ మొదలైతే దాని పైన ఇంకో రౌటర్ ఉన్నట్టే. ఈ మూడు శ్రేణులూ 1996 నుంచి సొంత నెట్‌వర్కుల కోసమే కేటాయించి ఉన్నాయి, బయటి ఇంటర్నెట్‌లో ఇవి చెల్లవు.

రాస్తున్నప్పుడే ఒకటి గమనించండి. లోపలి రౌటర్ రెండు వైపులా 192.168.1 అనే శ్రేణే కనిపిస్తే అది పనిచేయదు. ఏ ప్యాకెట్ ఎటు పంపాలో రౌటర్‌కి తెలియదు. లోపలి వైపు శ్రేణి మార్చేయండి. నేనైతే ఎప్పుడూ 192.168.77 లాంటి అరుదైన అంకె పెట్టమంటాను. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మీరు బస చేసే హాస్టల్లోనో, ఆఫీసులోనో వైఫై కూడా 192.168.1 శ్రేణిలోనే ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇంట్లో కూడా అదే ఉంటే, వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి వేసుకునే రహస్య దారి) కలిసినా మీ ల్యాప్‌టాప్ ఇంటి సర్వర్‌ని ఆ హాస్టల్ గదుల్లో వెతుకుతుంది.

సర్వర్ ఇంట్లో నిజంగా పలుకుతోందా

పరీక్ష కోసం సర్వర్‌లో ఒక ఖాళీ ఫోల్డర్ తెరిచి, అందులో పైథాన్‌తో వచ్చే చిన్న వెబ్ సర్వర్‌ని నడపండి. మామూలుగా అది 8000 పోర్టు మీద వింటుంది. ఖాళీ ఫోల్డర్ అని ఊరికే అనలేదు, ఆ ఫోల్డర్‌లో ఏముంటే అది బయటివాళ్లకి కనిపిస్తుంది. అసలు సేవ బదులు దీనితో పరీక్షించడం ఎందుకంటే, ఇందులో పాస్‌వర్డులు, సర్టిఫికెట్లు అడ్డురావు. ప్యాకెట్ వచ్చిందా లేదా అన్న ఒక్క ప్రశ్నే మిగులుతుంది.

పై గది వైఫైలో ఉన్న ఫోన్ బ్రౌజర్‌లో 192.168.77.20:8000 కొట్టండి. పేజీ రాకపోతే రౌటర్ల జోలికి వెళ్లనక్కర్లేదు, గొడవ సర్వర్‌లోనే ఉంది. ఉబుంటు అయితే ఫైర్‌వాల్ ఆ పోర్టుని ఆపుతోందేమో చూడండి. విండోస్ అయితే నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్ అని పడి ఉందేమో చూడండి, దాన్ని ప్రైవేట్‌గా మార్చాలి.

పరీక్ష పేజీ వచ్చి, మీ అసలు సేవ రాకపోతే, ఆ సేవ 127.0.0.1 మీద మాత్రమే వింటోందేమో చూడండి. ఆ అడ్రస్ మీద వినే ప్రోగ్రాం పక్క గదిలోని ఫోన్‌కి కూడా జవాబివ్వదు. దాని సెట్టింగ్స్‌లో 0.0.0.0 అని గానీ, సర్వర్ అడ్రస్ అని గానీ మార్చాలి.

ఇంకో చిక్కు ఉంది, ఇది చాలామందికి తట్టదు. సర్వర్‌కి లోపలి రౌటర్ నుంచి కేబుల్ పెట్టి, పాత వైఫై కూడా అలాగే వదిలేస్తారు. ఆ వైఫై బయటి పెట్టెది. అప్పుడు సర్వర్‌కి రెండు దారులు ఉంటాయి. ప్యాకెట్ లోపలి రౌటర్ గుండా వస్తుంది, జవాబు వైఫై గుండా బయటి పెట్టెకి నేరుగా పోతుంది. అవతలివాళ్లకి తాము పిలిచిన చోటు నుంచి కాకుండా ఇంకెక్కడి నుంచో జవాబు వస్తే దాన్ని పారేస్తారు. సర్వర్‌లో వైఫై ఆపేయండి. ఒకే కేబుల్, ఒకే గేట్‌వే (బయటికి పోయే దారి).

బయటి పెట్టె వైఫైని వీధిలా వాడుకోండి

డబుల్ నాట్‌లో నాకు బాగా నచ్చే సౌకర్యం ఇదే. లోపలి రౌటర్ దృష్టిలో బయటి పెట్టె వైఫై కూడా బయటి ప్రపంచమే. కాబట్టి ఇంట్లో కూర్చునే, ఇంటర్నెట్‌తో పనిలేకుండా, లోపలి రౌటర్ ఒక్కదాన్నే పరీక్షించవచ్చు.

లోపలి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ తెరవండి. ఫలానా పోర్టుకి బయటి నుంచి వచ్చిన ప్యాకెట్‌ని లోపల ఫలానా పరికరానికి పంపమని రౌటర్‌కి చెప్పేది ఇక్కడే. కొన్నింటిలో దాన్ని వర్చువల్ సర్వర్ అంటారు. బయటి పోర్టు 8000, లోపలి పోర్టు 8000, అడ్రస్ 192.168.77.20, ప్రోటోకాల్ టీసీపీ. సేవ్ చేయండి. ఇప్పుడు ఫోన్‌ని హాల్లోని పెట్టె వైఫైకి మార్చి, బ్రౌజర్‌లో 192.168.1.50:8000 కొట్టండి. సర్వర్ అడ్రస్ కాదు, లోపలి రౌటర్ బయటి వైపు అడ్రస్.

రెండు వైఫైలకీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న ఇళ్లలో ఈ పరీక్ష మోసం చేస్తుంది. ఫోన్ తనకి నచ్చినదానికి అతుక్కుంటుంది, మీరు దేనిలో ఉన్నారో తెలియదు. పరీక్ష అయ్యేవరకైనా రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టండి. పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. వాటిలో వాన్ వైపు నుంచి వచ్చే ప్రైవేట్ అడ్రసుల్ని ఆపే గడి టిక్ చేసి ఉంటుంది. ఈ పరీక్ష వరకు ఆ టిక్ తీసేయాలి.

పేజీ వచ్చిందంటే లోపలి రౌటర్ దాకా అంతా బాగున్నట్టే. ఇక దాని ఫార్వర్డింగ్ సెట్టింగ్స్ ముట్టుకోకండి.

అడ్రసులు కదలకుండా కట్టేయండి

పోర్ట్ ఫార్వర్డింగ్ అడ్రస్‌ని నమ్ముకుని పనిచేస్తుంది. అడ్రస్ మారితే ప్యాకెట్ ఇంకెవరికో పోతుంది. కాబట్టి లోపలి రౌటర్‌లో సర్వర్ మ్యాక్ అడ్రస్‌కి (పరికరానికి ఉండే గుర్తింపు నంబరుకి) 192.168.77.20 రిజర్వ్ చేయండి. ఇది అందరూ చేస్తారు. రెండోది మర్చిపోతారు: బయటి పెట్టెలో లోపలి రౌటర్‌కి కూడా 192.168.1.50 రిజర్వ్ చేయాలి. “నిన్నటిదాకా వచ్చింది, కరెంటు పోయి వచ్చాక రావట్లేదు” అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఈ రెండో రిజర్వేషన్ గురించే. కరెంటు వచ్చాక పరికరాలన్నీ ఒకేసారి లేస్తాయి, 50 అంకె టీవీకి పోతుంది, రౌటర్‌కి 53 వస్తుంది, ఫార్వర్డింగ్ మాత్రం 50కే పంపుతూ కూర్చుంటుంది.

అసలు ప్రశ్న: బయటి పెట్టెకి సొంత పబ్లిక్ ఐపీ ఉందా

బయటి పెట్టెలో ఫార్వర్డింగ్ పెట్టేముందే ఇది తేల్చుకోండి. ఇక్కడ పది నిమిషాలు పెడితే తర్వాత వారాలు కలిసొస్తాయి.

బయటి పెట్టెలో లాగిన్ అవ్వండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టె అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. స్టేటస్ పేజీలో వాన్ ఐపీ రాసుకోండి. తర్వాత అదే వైఫైలో ఉండి, గూగుల్‌లో వాట్ ఈజ్ మై ఐపీ అని వెతికి, వచ్చిన సైట్లలో ఒకటి తెరవండి. అక్కడ చూపించే ఐపీవీ4 అడ్రస్ (చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలది), పెట్టెలో రాసుకున్నది ఒకటే అయితే మీకు పబ్లిక్ ఐపీ ఉంది. వేరువేరుగా ఉంటే, మీ రెండు రౌటర్ల పైన ప్రొవైడర్ దగ్గర మూడో నాట్ ఉంది. దాని పేరు సీజీనాట్. పెట్టెలో అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మరీ స్పష్టం. ఆ శ్రేణిని 2012 ఏప్రిల్‌లో ప్రత్యేకంగా ఇందుకోసమే పక్కన పెట్టారు. కొందరు ప్రొవైడర్లు 10తో మొదలయ్యే అడ్రసులే ఇస్తారు, అదీ ఇదే కోవ.

ఇందులో ప్రొవైడర్ల కుట్రేమీ లేదు. ఐపీవీ4లో మొత్తం అడ్రసులు సుమారు 429 కోట్లు. ప్రపంచం మొత్తానికి పంచే సంస్థ దగ్గర చివరి కట్టలు 2011 ఫిబ్రవరిలో అయిపోయాయి, మన ఆసియా పసిఫిక్ ప్రాంతం వాటా అదే ఏడాది ఏప్రిల్‌కి అడుగంటింది. అందుకే ఒక్క పబ్లిక్ అడ్రస్‌ని ఎన్నో ఇళ్లకు కలిపి ఇస్తున్నారు. అపార్ట్‌మెంట్‌కి కొరియర్ అబ్బాయి వచ్చి ఫ్లాట్ నంబర్ చెప్పకపోతే వాచ్‌మన్ ఎవరికివ్వాలో తెలియక వెనక్కి పంపేసినట్టు, బయటి నుంచి వచ్చిన ప్యాకెట్ సీజీనాట్ దగ్గరే ఆగిపోతుంది. ఆ వాచ్‌మన్‌కి చెప్పే అధికారం మీకు లేదు. మీ ఇంట్లో పోర్టులు ఎన్ని తెరిచినా ప్రయోజనం ఉండదు.

ప్యాకెట్ ఏ రౌటర్ల మీదుగా పోతుందో చూపించే ట్రేస్‌రూట్ చూసి నిర్ణయించేవాళ్లున్నారు. విండోస్‌లో ట్రేసర్ట్ కమాండ్‌కి 8.8.8.8 ఇస్తే మొదటి వరుసలో 192.168.77.1, రెండో వరుసలో 192.168.1.1 వస్తాయి. డబుల్ నాట్ ఉందని తెలియడానికి ఇది చాలు. కానీ మూడో వరుసలో 10తో మొదలయ్యే అడ్రస్ కనిపించినంత మాత్రాన సీజీనాట్ అని తేల్చేయకండి. ప్రొవైడర్లు తమ లోపలి రౌటర్లకి కూడా అలాంటి అడ్రసులు పెట్టుకుంటారు. పెట్టెలోని వాన్ ఐపీతో పోల్చడమే నమ్మదగిన పరీక్ష.

పబ్లిక్ ఐపీ ఉంటే

మీకు మూడు దారులున్నాయి.

మొదటిది, రెండు చోట్లా ఫార్వర్డ్ చేయడం. లోపలి రౌటర్‌లో ఇప్పటికే అయిపోయింది. బయటి పెట్టెలో 8000 పోర్టుని 192.168.1.50కి పంపండి. ఇక్కడ సర్వర్ అడ్రస్ 192.168.77.20 రాసేవాళ్లు ఎక్కువ. బయటి పెట్టెకి 77 శ్రేణి ఒకటుందనే తెలియదు. కొన్ని పెట్టెలు తప్పు అని చెబుతాయి, కొన్ని నోరు మూసుకుని సేవ్ చేసుకుంటాయి. ప్రతి పోర్టుకీ రెండుసార్లు రాయడం విసుగనిపిస్తే, బయటి పెట్టెలో డీఎంజెడ్ అనే చోట 192.168.1.50 పెట్టేయండి. వచ్చినవన్నీ లోపలి రౌటర్‌కి పోతాయి, అక్కడ దాని ఫైర్‌వాల్ ఆపుతుంది. డీఎంజెడ్ రౌటర్‌కి పెట్టడంలో తప్పులేదు. సర్వర్‌కి నేరుగా పెట్టడం మాత్రం ఎన్నడూ వద్దు.

రెండోది, లోపలి రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చడం. అప్పుడది అడ్రసులు పంచడం మానేసి వైఫైని మాత్రమే ఇస్తుంది. ఒక నాట్ పోతుంది. మామూలు ఇళ్లకి నేను చెప్పేది ఇదే. పై గదిలో వైఫై రావడమే మీ అవసరం అయితే రెండో నాట్‌తో మీకు ఒరిగేదేమీ లేదు. మోడ్ మార్చాక సర్వర్‌కి 192.168.1 శ్రేణిలో కొత్త అడ్రస్ వస్తుంది, రిజర్వేషన్, ఫార్వర్డింగ్ రెండూ బయటి పెట్టెలో ఆ కొత్త అడ్రస్‌కి పెట్టుకోవాలి. ఇంటి శ్రేణి అరుదుగా ఉండాలన్న పైమాట కోసం బయటి పెట్టె లాన్ శ్రేణినే మార్చుకోవచ్చు.

మూడోది, బయటి పెట్టెని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టి లోపలి రౌటర్‌నే అసలు రౌటర్‌గా చేయడం. సాంకేతికంగా అన్నింటికంటే శుభ్రమైన పద్ధతి. కానీ ప్రొవైడర్ ఒప్పుకోవాలి. పీపీపీఓఈ (ప్రొవైడర్ దగ్గర లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబరు అడిగి తీసుకోవాలి. అదే పెట్టె మీద టీవీ, ల్యాండ్‌లైన్ కూడా నడుస్తుంటే అవి ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు సీరియల్ చూసే సమయంలో ఈ ప్రయోగం పెట్టుకోకండి. మార్చేముందు ఉన్న సెట్టింగ్స్ ప్రతి పేజీనీ ఫొటో తీసి పెట్టుకోండి.

ఇప్పుడు మూడో పరీక్ష. ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద, మీ పబ్లిక్ ఐపీ పక్కన :8000 పెట్టి తెరవండి. ఇంటి వైఫైలో ఉండి పబ్లిక్ ఐపీ కొట్టి రాలేదని కంగారు పడకండి. లోపలి నుంచి బయటికి వెళ్లి మళ్లీ లోపలికి రావడాన్ని హెయిర్‌పిన్ నాట్ అంటారు, చాలా పెట్టెలకి అది చేతకాదు, డబుల్ నాట్‌లో మరీనూ.

రాకపోతే ఎర్రర్ ఏమిటో చదవండి. కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని వెంటనే వస్తే ప్యాకెట్ ఎవరికో అందింది, ఆ పోర్టు మీద వినేవాళ్లు లేరు. చాలాసేపు తిరిగి టైమ్ అవుట్ అయితే దారిలో ఎవరో నోరెత్తకుండా పారేశారు. అప్పుడు సర్వర్‌లో వచ్చీపోయే ప్యాకెట్లని చూపించే టీసీపీడంప్ నడిపి 8000 పోర్టు మీద కన్నేసి, ఫోన్‌లో మళ్లీ తెరవండి. తెర మీద ఒక్క వరుస కూడా కదలకపోతే ప్యాకెట్ ఇంట్లోకే రాలేదు, బయటి పెట్టె చూడాలి. ఫోన్ నుంచి వచ్చిన వరుసలు మాత్రమే కనిపించి సర్వర్ నుంచి పోయేవి లేకపోతే ఫైర్‌వాల్. రెండూ కనిపించి ఫోన్‌లో పేజీ రాకపోతే జవాబు దారి తప్పింది, పైన చెప్పిన రెండు గేట్‌వేల గొడవ అక్కడే పట్టుబడుతుంది. ఇంత తక్కువ శ్రమతో ఇంత ఖచ్చితంగా చెప్పే పరికరం ఇంకోటి లేదు, నేర్చుకోండి.

80, 443 పోర్టులు మాత్రమే రాకుండా మిగతావి వస్తుంటే, ప్రొవైడర్ వాటిని ఆపి ఉండొచ్చు, లేదా బయటి పెట్టె తన సొంత లాగిన్ పేజీకి వాడుకుంటూ ఉండొచ్చు. ఇంకో పెద్ద అంకె ఎంచుకోండి.

సీజీనాట్ ఉంటే

ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, లేదా మీ కాలనీ కేబుల్ ఆపరేటర్‌ని పట్టుకుని, స్టాటిక్ ఐపీ ఇస్తారా, ఏడాదికి ఎంత అని అడగండి. ఇస్తే పైన చెప్పిన దారులన్నీ మీవే. ఇవ్వకపోతే కూడా దిగులు పడక్కర్లేదు.

కొత్త రకం అడ్రసుల పద్ధతి ఐపీవీ6 చూడండి. మన దేశంలో మొబైల్ నెట్‌వర్కులు దీన్ని బాగా అందిపుచ్చుకున్నాయి, చాలా ఫైబర్ కనెక్షన్లలో కూడా వస్తోంది. సర్వర్‌కి 2తో మొదలయ్యే పొడవాటి అడ్రస్ ఉంటే అది నేరుగా ప్రపంచానికి కనిపించే అడ్రస్. ఎఫ్ఈ80తో మొదలయ్యేది మాత్రం గది దాటదు. రెండు రౌటర్లున్న ఇంట్లో చిక్కు ఏమిటంటే, లోపలి రౌటర్‌కి బయటి పెట్టె ఐపీవీ6 శ్రేణిలో ముక్క పంచివ్వాలి, చాలా పెట్టెలు పంచవు. లోపలి రౌటర్‌లో ఐపీవీ6 పాస్‌త్రూ ఉంటే పెట్టండి, లేదా యాక్సెస్ పాయింట్ మోడ్‌కి మారండి. తర్వాత ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క సర్వర్‌కి, ఆ ఒక్క పోర్టుకి దారి ఇవ్వాలి. ఇక్కడ నాట్ లేదు, ఫైర్‌వాల్ మాత్రమే కాపలా. కాబట్టి మొత్తం ఫైర్‌వాల్ ఆపేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ఇదంతా తలనొప్పి అనిపిస్తే టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ యాప్ పెట్టుకోండి. సర్వర్‌లోనూ ఫోన్‌లోనూ ఇన్‌స్టాల్ చేసి ఒకే అకౌంట్‌తో లాగిన్ అవ్వడమే. రెండు పరికరాలూ లోపలి నుంచి బయటికి పిలుచుకుంటాయి కాబట్టి ఎన్ని నాట్‌లున్నా దాటుతుంది, రౌటర్లలో ఒక్క పోర్టు కూడా తెరవనక్కర్లేదు. కుటుంబం మొత్తం ఫొటోలు చూసుకోవడానికి ఇంతకంటే హాయైన పద్ధతి నాకు కనిపించలేదు. వేగం తక్కువగా ఉంటే దాని స్టేటస్ చూడండి. డైరెక్ట్ అని కాకుండా రిలే అని ఉంటే డేటా మధ్యలో ఇంకో సర్వర్ మీదుగా తిరిగి వస్తోంది. అలాంటప్పుడు రెండు నాట్‌లలో ఒకటి తీసేస్తే చాలాసార్లు డైరెక్ట్ అవుతుంది. ఒక జాగ్రత్త: టెయిల్‌స్కేల్ ఇచ్చే అడ్రసులు కూడా 100.64 నుంచి 100.127 శ్రేణిలోవే. వాటిని చూసి సీజీనాట్ అనుకోకండి.

అవతలివాళ్ల ఫోన్‌లో యాప్ పెట్టే వీలు లేకపోతే, మామూలు బ్రౌజర్‌తోనే సర్వర్‌ని చేరనిచ్చే క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ ఉంది. సొంత డొమైన్ ఉండాలి. ఉచిత ప్లాన్‌లో ఒక్కో అప్‌లోడ్ 100 ఎంబీ దాటకూడదు, పెళ్లి వీడియోలు ఫోన్ నుంచి సర్వర్‌కి ఎక్కించేవాళ్లకి ఇది అడ్డం. మీ డేటా వాళ్ల దగ్గర ఒకసారి విప్పబడుతుందన్నది కూడా తెలుసుకుని పెట్టుకోండి. అది ఇష్టం లేనివాళ్లు పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దెకిచ్చే సర్వర్) అద్దెకి తీసుకుని, ఇంటి సర్వర్ నుంచి దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ కలుపుకోవచ్చు. ఇంటి వైపు కీప్‌అలైవ్ 25 సెకన్లు పెట్టాలి. లేకపోతే కాసేపు మాటాడకుండా ఉంటే మధ్యలో నాట్‌లు ఆ కనెక్షన్‌ని మర్చిపోతాయి.

వీపీఎన్ కలుస్తుంది, కానీ ఫొటోలు రావు

ఇది విడిగా చెప్పాల్సిన రోగం. వైర్‌గార్డ్ హ్యాండ్‌షేక్ (రెండు వైపులా ఒకరినొకరు గుర్తుపట్టడం) అవుతుంది, పింగ్ వస్తుంది, చిన్న పేజీలు తెరుచుకుంటాయి. పెద్ద ఫొటో తెరిస్తే ఆగిపోతుంది. కారణం చాలావరకు ప్యాకెట్ సైజు, అంటే ఎంటీయూ. మామూలు ఈథర్‌నెట్‌లో 1500 బైట్లు పడతాయి. పీపీపీఓఈ కనెక్షన్‌లో దానికి 8 పోయి 1492 మిగులుతుంది. వైర్‌గార్డ్ మామూలుగా 1420 పెట్టుకుంటుంది, అది 1500 ఉందనుకుని వేసిన లెక్క. రెండు వైపులా 1412 పెట్టి చూడండి. అయినా ఆగితే 1280కి దించండి. వేగం కొంచెం తగ్గుతుంది, ఫొటో మాత్రం పూర్తిగా వస్తుంది.

పబ్లిక్ ఐపీ ఉండి ఇంటి సర్వర్‌లోనే వైర్‌గార్డ్ పెట్టుకున్నవాళ్లకి అసలు హ్యాండ్‌షేకే కాకపోతే గుర్తుంచుకోండి, వైర్‌గార్డ్ 51820 పోర్టు యూడీపీ. రెండు ఫార్వర్డింగ్‌లలోనూ టీసీపీ అని ఉండిపోతే ప్యాకెట్ రాదు. ఆన్‌లైన్ పోర్టు చెకర్లు మామూలుగా టీసీపీనే చూస్తాయి, వైర్‌గార్డ్ తెలియనివాళ్లకి జవాబే ఇవ్వదు. కాబట్టి చెకర్ క్లోజ్డ్ అన్నా నమ్మక్కర్లేదు.

పేరు, కరెంటు, సముద్రపు గాలి

పబ్లిక్ ఐపీ స్టాటిక్ కాకపోతే డక్‌డీఎన్‌ఎస్ లాంటి డీడీఎన్‌ఎస్ పేరు (ఐపీ మారినా కొత్త ఐపీకే దారి చూపే పేరు) పెట్టుకోవాలి. దాన్ని లోపలి రౌటర్‌లో పెట్టకండి. కొన్ని రౌటర్లు తమ వాన్ ఐపీనే, అంటే 192.168.1.50నే, లోకానికి చెబుతాయి. సర్వర్‌లో చిన్న స్క్రిప్టుగా నడపండి, అది బయటి నుంచి కనిపించే అడ్రస్‌ని తీసుకుంటుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకిన తర్వాత ఈ ఊళ్లో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అంతటి తుఫాను రాకపోయినా, వేసవిలో ఒక గాలివాన చాలు. బయటి పెట్టెకి, లోపలి రౌటర్‌కి చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు పెట్టండి. సర్వర్ బయోస్‌లో కరెంటు రాగానే దానంతట అది లేచే ఆప్షన్ ఆన్ చేయండి. చేతితో ఆన్ చేసేటప్పుడు ముందు బయటి పెట్టె, అది పూర్తిగా లేచాక లోపలి రౌటర్, చివర్లో సర్వర్. బీచ్ వైపు ఇళ్లలో ఉప్పు గాలికి కేబుల్ కొనల్లోని రాగి పచ్చబడుతుంది. కనెక్షన్ వచ్చీ పోతూ ఉంటే కొన బయటికి లాగి వెలుతురులో చూడండి, కొత్త కొన వేయించడం సులువు.

మీరు ఊళ్లో లేనప్పుడు సెట్టింగ్స్ గురించి ఆలోచించేముందు ఇంటికి ఫోన్ చేయండి.

“అమ్మా, టీవీ పక్కన తెల్ల పెట్టె ఉంది కదా, దాని మీద లైట్లు ఎలా ఉన్నాయో చెప్పు.”

“అన్నీ పచ్చగానే ఉన్నాయి నాన్నా. ఒకటి మాత్రం ఎర్రగా కొట్టుకుంటంది.”

“దాని కింద ఏం రాసుంది?”

“ఎల్, ఓ, ఎస్.”

అంతే, తేలిపోయింది. ఎల్ఓఎస్ ఎర్రగా ఉంటే ఫైబర్‌లో కాంతే రావట్లేదు. ఎక్కడో తెగింది, లేదా సోఫా జరిపినప్పుడు తీగ మడతపడింది. ముందు ఆ మడత సరిచేయమనండి, లేకపోతే కేబుల్ ఆపరేటర్‌ని పిలవండి.

తెరిచినవి మూయండి

అన్నీ పనిచేశాక ఇది తప్పనిసరి. నాస్ లాగిన్ పేజీని, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌కి కమాండ్లిచ్చే దారి) పాస్‌వర్డ్ లాగిన్‌ని బయటికి వదలకండి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కి నేరుగా తెరిచి ఉన్న క్యూనాప్ కంపెనీ నాస్‌ల మీద పడి ఫైళ్లకి తాళాలు వేసింది. ఇంట్లో పిల్లల చిన్నప్పటి ఫొటోలు ఒక్క కాపీయే ఉంటే ఆ నష్టం డబ్బుతో తీరదు. బయటికి తెరిచేది వైర్‌గార్డ్ పోర్టు ఒక్కటే ఉండాలి, మిగతావన్నీ దాని లోపల నుంచే వాడుకోండి.

పరీక్ష కోసం నడిపిన పైథాన్ సర్వర్‌ని ఆపండి. 8000 పోర్టు ఫార్వర్డింగ్‌ని రెండు పెట్టెల్లోనూ తీసేయండి. రెండింటిలోనూ యూపీఎన్‌పీ (పరికరాలే సొంతంగా పోర్టులు తెరుచుకునే సౌకర్యం) ఆపండి. పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్‌లో తీసిన టిక్‌ని మళ్లీ పెట్టండి. స్టిక్కర్ మీదున్న అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత వైఫై ఆపి, మొబైల్ డేటా మీద పబ్లిక్ ఐపీ పక్కన :8000 మళ్లీ కొట్టి, ఈసారి పేజీ రావట్లేదని చూసుకోండి.